పదమూడో భాగం

వుచ్ అంటే వాళ్ళ భాషలో పడవ.
ఊళ్ళో మాత్రం నది కనపడదు,
పాత బట్టల మిల్లుల కింద, రోడ్ల కింద
ఎక్కడో చీకట్లో పారుతుందట.
హాల్ష్కా బొమ్మలూ అంతే.

పగలు ఓ పళ్ళ డాక్టరు కరపత్రాలకి
నవ్వే దవడపన్ను గీస్తుంది.
"ఇంకొంచెం హుషారుగా" అని వెనక్కి పంపుతారు.
పన్నుకి కనుబొమలు పెడుతుంది.
ఇంటద్దె ఆ కనుబొమల మీదే నిలబడి ఉంది.
రాత్రి పది దాటాక
బల్ల మీది పళ్ళన్నిటినీ అట్టపెట్టెలోకి ఊడ్చి
తన ట్రామును బయటికి తీస్తుంది.

మీరు చూసుండరు.
తనకి ఏడేళ్ళప్పుడు టీవీలో వచ్చేదట,
అట్టముక్కల చుక్కల మధ్య పోయే ట్రాము కథ.
పన్నెండు వారాలు నడిచింది.
పదమూడో ఆదివారం ఆ వేళకి
ఎవరో చేపల కూర వండి చూపించారు.
ఎందుకో ఎవరూ చెప్పలేదు.

తన మనసు కథానాయకుడి మీద లేదు,
టికెట్లు చింపే ఆవిడ మీద ఉంది.
పన్నెండు భాగాల్లోనూ ఆవిడకి ఒక్కటే మాట:
"ముందర స్టాపు లేదు. అయినా కూర్చోండి."

ఆ ఒక్క మాట పట్టుకుని
నూట నాలుగు పేజీలు గీసింది హాల్ష్కా.
ఆవిడకి పేరు పెట్టింది, మోకాలి నొప్పి పెట్టింది,
ఎడమ చేతి తొడుగుకి చిన్న చిరుగు,
ఉత్తరం రాయని ఓ చెల్లెలు.
ఎవరడిగారు? ఎవరూ అడగలేదు.
అమ్ముకుంటే నేరం కూడానట,
హక్కులు ఎవరి సొరుగులోనో నిద్రపోతున్నాయి.
అందుకని ఊరికే పంచుతుంది,
పేరంటంలో శనగల్లా, దోసిట్లో పోసి.

పుచ్చుకునేవాళ్ళూ ఉన్నారు.
ఏటా నవంబరులో ఓ బడి ఆటల గదిలో చేరతారు.
పోయినసారి నలభై ముగ్గురు,
కండక్టరు టోపీ పెట్టుకున్న కుక్క ఒకటి.
పక్క బల్ల మీద రేకు బిళ్ళలమ్ముకునే నేను.
అట్ట ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టిన కుర్రాడున్నాడు,
రెండొందల పదకొండు,
అందులో రెండు సీసా మూతలని తేల్చాడు.
ట్రాము ఎరుపా, మెరూనా అని
ఆరేళ్ళుగా మాటల్లేని జట్లున్నాయి.
చూసిందేమో అందరూ నలుపు తెలుపు టీవీలో.
టీ మాత్రం ఒకే ఫ్లాస్కులోది.

ఆ మధ్యాహ్నం వచ్చాడు గెర్వాజీ,
ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రాము నడిపిన మనిషి.
సీరియల్ పేరు కూడా వినలేదు,
బయట వాన పడుతోందని లోపలికొచ్చాడు.
బొటనవేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పాడు.
అరవై ఒకటో పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఈవిడ ఇలా నిలబడదమ్మా.
మలుపులో మనిషి కాళ్ళతో నిలబడడు.
నడుంతో నిలబడతాడు."

లేచాడు. గొడుగు కింద పెట్టాడు.
గాల్లో లేని కడ్డీని పట్టుకున్నాడు.
ఒళ్ళు ఇంత పక్కకి వాల్చాడు.
నిజంగా చెప్తున్నాను,
ఆ గది మొత్తం ఎడమకి తిరిగింది.
ఎరుపు వాళ్ళూ, మెరూన్ వాళ్ళూ గోడ పట్టుకున్నారు.

హాల్ష్కా అప్పటికే గీస్తోంది.
కరపత్రం వెనకవైపు, పన్ను వీపు మీద.

ఆ చలికాలమంతా
అరవై ఒకటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.
నలభై నాలుగు పేజీలు!
"ఎవరు చూస్తారే అంత?" అన్నాను,
నాకు ఆమె వేళ్ళ వాపు కనిపిస్తోంది.
సిరా ఆరేదాకా మాట్లాడలేదు.
"చూడరు," అంది.
"కానీ ఆవిడ పడిపోతుంది."

గెర్వాజీ మళ్ళీ రాలేదు. చిరునామా ఎవరూ అడగలేదు.
గొడుగు ఆ ఆటల గదిలోనే ఉంది,
బాస్కెట్‌బాల్ బుట్ట కింద.

పళ్ళ డాక్టరు మాత్రం కొత్త బొమ్మ చూసి
మొదటిసారి వెనక్కి పంపలేదు.
దవడపన్ను కాస్త నడుం వాల్చి నిలబడి ఉంది.
ఏదో బాగుందన్నాడట,
ఏమిటో చెప్పలేకపోయాడట.